లింగమూర్తి విప్పిన తలుపులు

మా ఊళ్లో సగం తలుపులు వడ్ల లింగమూర్తి చేసినవే. దర్వాజ నిలబెట్టిన రోజు కొబ్బరికాయ, కుంచెడు బియ్యం, భుజాన కొత్త తువ్వాల అందుకుని, గడపకు దండం పెట్టి గానీ ఇంటికి పోయేవాడు కాదు. ఆ తలుపులన్నీ చివరికి అతనే విప్పాల్సి వచ్చింది.

రూపాయి విలువ తగ్గించారని రేడియోలో చెప్పిన ఏడాది అది. మాకు రేడియో చెప్పాలా? మెట్‌పల్లి అంగట్లో జొన్నల ధర అడిగితే చాలు, తెలిసిపోయేది. రెండేళ్లుగా వానల్లేవు. బ్యాంకు అప్పుతో తవ్వించిన బావుల్లో బురద కూడా లేదు. ఆ గోడు బ్యాంకుకెందుకు? బండి కట్టుకుని జప్తుకు వచ్చారు. ఎత్తుకుపోవడానికి ఇళ్లల్లో ఏమీ దొరక్క తలుపుల మీద పడ్డారు. పగలగొడితే వేలంలో ధర పలకదని లింగమూర్తిని కూలికి పిలిచారు.

పంటలుంటే రైతులు కల్లంలోనే అతని వంతు గింజలు కొలిచి ఇచ్చేవాళ్లు. ఆ రెండేళ్లూ గింజ రాలేదు. అతని పిల్లలు చింతగింజలు ఉడకబెట్టుకుని తింటున్నారు. ఆ కూలికి అతను పోయాడు. తప్పనేవాళ్లు ముందు అతని పొయ్యి చూసి మాట్లాడాలి.

ముసలి యాదవ్వ ఇంటి ముందు మాత్రం అతను పనిముట్ల సంచి దించలేదు. ఆమె కొడుకు పెళ్లికి చేసిన తలుపు అది.

"నువ్వు పెట్టింది నువ్వే తియ్యి బిడ్డా. వేరేటోడైతే పలగ్గొడ్తడు," అన్నది యాదవ్వ. ఆమె తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఎవరూ అతనితో మాట్లాడలేదు. కోపం బ్యాంకు మీదే. కానీ బ్యాంకు తాలూకాలో ఉంది, లింగమూర్తి పక్కింట్లో ఉన్నాడు. వాడకట్టులో తలుపు మిగిలింది అతనికొక్కడికే. అది మూసుకోవడానికి అతని భార్య శంకరవ్వ సిగ్గుపడేది.

వేలమని తెలిసి ఊరంతా తాలూకాకు నడిచింది. లింగమూర్తి అందరి వెనకాల, దూరంగా వచ్చాడు. జనాన్ని చూసి బ్యాంకు వాళ్లు ముందు తలుపుకు తాళం వేసి జారుకున్నారు. కొందరు రాళ్లందుకున్నారు. పక్కింటి నాగయ్య వెనక్కి తిరిగాడు.

"మాయన్నీ విప్పితివి గదా. గిది గూడ విప్పు." ఎగతాళికే అన్నాడు.

లింగమూర్తి సంచిలోంచి పనిముట్లు తీశాడు. మడతబందులు ఊడదీసి, తలుపు దించి, ఎప్పటిలాగే జాగ్రత్తగా గోడకు ఆనించాడు. పోలీసులు వచ్చేదాకా దాని పక్కనే కూర్చున్నాడు.

"కూలి ఎంతిచ్చిండ్రు?" అని జమాదారు అడిగాడు.

"గీ ఒక్కదానికి ఎవ్వలియ్యలే," అన్నాడు.

వేలం ఆగలేదు. మా తలుపులు అగ్గువకు, కారుచౌకగా పోయాయి. అతనికి జైలు, పైన జుర్మానా పడ్డాయి. జుర్మానా కట్టలేదని అతని తలుపూ పట్టుకుపోయారు.

విడుదలై వచ్చేసరికి అతని వాకిట్లో గోనెపట్టా వేలాడుతోంది. లోపల కూలబడ్డాడు. శంకరవ్వకు పెట్టడానికేమీ లేదు. అంతలో పట్టా పక్కకు జరిపి యాదవ్వ వచ్చింది, చేతిలో గంజి గిన్నె. ఆమె ఇంట్లో ఉన్నదంతా అదే.

"తలుపు లేదు గదా, పిలువకుంటనే వచ్చిన. తాగు బిడ్డా," అన్నది.