షెడ్డు వెనక మాట

భూపాలపల్లి గనిలో హాజరు రాసే బలరాం నవ్వే ముందు పక్కవాళ్ల మొహాలు చూస్తాడు. వాళ్లు నవ్వితే వాళ్లకంటే ఎక్కువే నవ్వుతాడు. దంతాలపల్లి దగ్గరి అత్తగారి తండా నుంచి అక్క జమ్లీ ఫోను చేస్తే మాత్రం బండ్ల షెడ్డు వెనక్కి పోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని లంబాడీలో మాట్లాడి వస్తాడు. పక్కన మనుషులుంటే తెలుగులోనే రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తాడు.

ఆదివారం గని క్లబ్బులో అఖిల అనే అమ్మాయి తీసిన చిన్న సినిమా వేశారు. కథ లేదు, మనుషులు లేరు. తెర నిండా అద్దం ముక్కలు, వాటి మీద కదిలే ఎర్రటి వెలుగు, వెనక ఒక ముసలి గొంతు ఏడుస్తూ పాడటం. "ఏందిది, ముసల్దానికి పన్ను నొస్తున్నదా?" అన్నాడు పక్కనున్న జగపతి. అందరూ నవ్వారు. బలరాం అందరికంటే గట్టిగా నవ్వాడు. అది పెళ్లయిన పిల్ల తండా విడిచేటప్పుడు అయినవాళ్ల మెడ పట్టుకొని పాడే పాట. ఇరవయ్యేళ్ల కింద జమ్లీ అతని మెడ పట్టుకొనే పాడింది. చొక్కా భుజమంతా తడిసిపోయింది. సినిమా అయ్యాక అఖిల మైకు పట్టుకొచ్చి, "మీకేమనిపించిందన్నా?" అని అడిగింది. "ఏం సమజ్ కాలేదమ్మా," అన్నాడు.

మర్నాడు జమ్లీ ఫోను చేసింది. అలవాటుగా షెడ్డు వెనక్కి పోయాడు. బాగున్నావా అని ఆమె తమ భాషలో అడిగితే, అతని నోటికి ఆ భాష రాలేదు. "మంచిగున్ననక్కా," అన్నాడు తెలుగులో.

"పక్కన ఎవరన్న ఉన్నరా, తమ్మీ?" అందామె గొంతు తగ్గించి.

బలరాం చుట్టూ చూశాడు. ఎవ్వరూ లేరు.

"ఉన్నరక్కా," అన్నాడు.