విడిగా ఉండమన్న డిక్రీ

మొన్న ఒక క్లయింటు కొత్త నేత చీర కట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. ఆ గంజి వాసన తగలగానే మా సీనియరు విశాలాక్షి గారు గుర్తొచ్చారు. విజయవాడలో ఆమె దగ్గర జూనియరుగా చేరిన తొలి ఏడాది, నా తొందరపాటు వల్ల ఒక ఆడపిల్ల బతుకు రెండోసారి చిక్కుల్లో పడబోయింది. ఆమె లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

ఆ అమ్మాయి పేరు నాగమణి. పామర్రు దగ్గర మగ్గం నేసే కుటుంబం. భర్త చేయి చేసుకుంటున్నాడని పుట్టింటికి వచ్చేసింది గానీ, పూర్తిగా తెంచుకోవడానికి అప్పట్లో మనసొప్పలేదు. అందుకని విశాలాక్షి గారు విడాకులు కాకుండా, విడిగా ఉండటానికి అనుమతినిచ్చే జ్యుడీషియల్ సెపరేషన్ కోరుతూ కేసు వేశారు. డిక్రీ కాపీ వచ్చిన రోజు ఆమె వేరే కేసులో ఉన్నారు. నేనే దాన్ని నాగమణి తండ్రి చేతిలో పెట్టి, "అయిపోయింది బాబాయి గారూ, ఇక మీ అమ్మాయికి అతనితో సంబంధం లేదు" అన్నాను. పైగా పెద్ద లాయరునైపోయినట్టు ఫోజొకటి.

మూడు నెలలకు ఆయన శుభలేఖ పట్టుకొచ్చారు. చల్లపల్లిలో నూలు వ్యాపారం చేసే అబ్బాయితో నాగమణి పెళ్ళి, పది రోజుల్లో. పరుగున వెళ్ళి, ఆయనతో నేనన్న మాట విశాలాక్షి గారికి చెప్పేశాను. విశాలాక్షి గారు నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని పామర్రు బస్సెక్కారు.

కబురందుకుని వచ్చిన ఇరువైపుల పెద్దలూ, పెళ్ళికొడుకూ మగ్గం పక్కన చాపల మీద కూర్చున్నారు. తప్పు మా ఆఫీసుదేనని ఆమె ముందే ఒప్పుకున్నారు. నా పేరెత్తలేదు. కోర్టు విడిగా ఉండటానికి మాత్రమే ఒప్పుకుందని, పెళ్ళి ఇంకా నిలిచే ఉందని, ఇప్పుడు మరో పెళ్ళి చేస్తే అది చెల్లదు సరికదా నాగమణి మీదే కేసు పెట్టొచ్చని నిదానంగా చెప్పారు. డిక్రీ తర్వాత ఏడాదిపాటు ఇద్దరూ కలిసి కాపురం చేయకపోతే అప్పుడు విడాకులు అడగొచ్చన్నారు. అందరూ తలలూపారు. ఆమెకు అది చాలలేదు.

"నీకేం అర్థమైందో చెప్పమ్మా" అని నాగమణిని అడిగారు.

ఆ పిల్ల పక్కనున్న మగ్గం వైపు చూసి, "మగ్గం ఆపామండి, అంతే. బట్ట ఇంకా కోసి దించలేదు" అంది.

"అంతేనమ్మా. నేను ఇంత బాగా చెప్పలేకపోయాను."

పెళ్ళికొడుకు తల్లి తాంబూలాలు వెనక్కి ఇచ్చేద్దామంది. అబ్బాయి మాత్రం ఎంతకాలం పడుతుందని అడిగాడు. రెండేళ్ళు కావచ్చన్నారు విశాలాక్షి గారు. వాళ్ళ ముఖాలు చూసి ఒక్క నెల కూడా తగ్గించి చెప్పలేదు. అతను తల్లి వైపు చూడకుండానే ఆగుతానన్నాడు.

తిరుగు బస్సులో నేను ఏడుస్తుంటే, కాగితం ఇచ్చి పంపమన్నది తనేనని, వాళ్ళకు అర్థమైందో లేదో తానూ కనుక్కోలేదని అన్నారు. అంతటి మనిషి నాతో పాటు తప్పు పంచుకోవడం నేను ఎన్నటికీ మరిచిపోలేను.

విడాకులు వచ్చాకే ఆ పెళ్ళి జరిగింది. తాళి కట్టే ముందు పెళ్ళికొడుకు తల్లి, ఆ తీర్పేదో అందరి ముందూ చదవమంది. విశాలాక్షి గారు సంచిలోంచి కాగితం తీసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా నా చేతికిచ్చారు. మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా చదివాను. ఈ రోజుకీ ఏ తీర్పునైనా అలా చివరిదాకా చదివాకే నోరు విప్పుతాను.