ఆదివారం డ్యూటీ

నా చిన్నప్పుడు ఒక ఆదివారం పొద్దున మా తాత గని బూట్లు తొడుక్కుని, నెత్తిన టోపీ పెట్టుకుని, డ్యూటీకి పోతున్నానంటూ ఇంట్లోంచి నడిచి వెళ్లిపోయాడు. ఆయన రిటైరై అప్పటికి చాలా ఏళ్లయింది. మంచం దిగక చాలా రోజులయింది. ఒక చెయ్యి మా బాపు మెడ చుట్టూ వేసి, ఒక చెయ్యి నా భుజం మీద ఆనించి, మధ్యమధ్య ఆగుతూ నడిచాడు. పాపం మతి తప్పింది అనుకున్నారంతా. మళ్లీ ఆయన ఆ గడప లోపలికి రాలేదు.

అప్పటికింకా తెలంగాణ రాలేదు. గోదావరిఖనిలో మేముండేది ఒకరి ఇంటి పక్క భాగంలో, అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో. తాత జీవితమంతా భూమి కింద బొగ్గు తవ్వాడు. నౌకరీ ఉన్నన్నాళ్లు కంపెనీ క్వార్టర్ ఉంది, నౌకరీ దిగిపోగానే ఖాళీ చేశాం. బాపుది కాంట్రాక్టు పని, ఆయనకు క్వార్టర్ రాదు. పుట్టిన ఊరికి పోదామంటే ఊరున్న చోట బొగ్గు కోసం తవ్విన ఓపెన్‌కాస్టు గొయ్యి ఉంది. ఆ చలికాలం తాతకు ఊపిరి అందడం మానేసింది. దవాఖానలో పరీక్ష చేసి, చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొండి అన్నారు. ఇల్లు ఎవరిదని వాళ్లు అడగలేదు.

ఇంటి ఓనరు మంచివాడు. తాత దగ్గు వినపడితే వాళ్లింట్లోంచి వేణ్నీళ్లు వచ్చేవి. కానీ వాళ్లమ్మాయి పెళ్లి దగ్గరపడింది. వాకిట్లో పందిరి గుంజలు దించారు. చావు చెడ్డ నక్షత్రంలో జరిగితే ఆ ఇంటిని నెలల తరబడి మూసిపెట్టాలి, శుభకార్యం చేయకూడదు. శనివారం సాయంత్రం ఆయన మా బాపును గేటు దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పాడు.

"తమ్మీ, ఏమనుకోకు. నాకూ తండ్రి ఉండె. కానీ పానం మాత్రం ఇంట్ల పోవద్దు."

ఎదురుగా ఉన్న ఖాళీ జాగాలో టార్పాలిన్ తానే కట్టిస్తానన్నాడు. చీకటి పడకముందే కట్టించాడు కూడా. ఆ వాడలో ఏ ఓనరైనా ఆ మాటే అంటాడని బాపుకు తెలుసు. అందుకే ఆయనకు కోపం తెచ్చుకోవడానికి కూడా చోటు లేకపోయింది.

అప్పటినుంచి బాపు తాత మంచం చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఏదో చెప్పబోయేవాడు, గ్లాసులో నీళ్లున్నాయో లేదో చూసి మళ్లీ బయటికి పోయేవాడు. బతికుండగానే నిన్ను బయట పడుకోబెడుతున్నానని కన్నతండ్రితో ఎట్లా చెప్తాడు? చెప్పకుండా మంచంతో సహా ఎత్తితే, కళ్లు తెరిచి చూస్తున్న మనిషిని శవంలా మోసుకుపోవాలి. తాత కిటికీ పక్కన కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు. ఆ కిటికీకి అవతలే గేటు ఉందని మాలో ఎవరికీ తట్టలేదు.

తెల్లారి నేను లేచేసరికి తాత మంచం మీద కూర్చుని ఉన్నాడు. మంచం కింది సంచిలో ఉన్న బూట్లు, టోపీ తీయమన్నాడు. డ్యూటీకి పోవాలట. బాపు వాకిట్లో ఉన్నాడు. నేను తీసిచ్చి, తెలిసిన సంగతి చెప్పాను.

"ఇయ్యాల ఐతారం గద తాతా."

ఆయన నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"నాకెరుకే బిడ్డా. మీ బాపుకు చెప్పకు. నన్నెట్ల మొయ్యాల్నో తెల్వక వాడు సస్తుండు."

తర్వాత ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని, షిఫ్టు టైమైతుంటే నన్ను లేపరేందిరా అని బాపును కేకేశాడు. బాపు పరుగెత్తుకొచ్చాడు. బూట్లు చూశాడు, టోపీ చూశాడు. నిన్నటినుంచి బిగబట్టుకున్న ముఖం ఒక్కసారి వదులైంది. "పా బాపూ, పోదాం," అన్నాడు. ఏడుస్తూనే వంగి లేసులు కట్టాడు.

గేటు దాటుతుంటే పక్కింటి అక్క ఎదురైంది. వాళ్లది సొంతిల్లు, భర్త గని ఆఫీసులో క్లర్కు. తెల్లచీర కట్టుకుని, చేతిలో బైబిలుతో ప్రార్థనకు బయల్దేరింది. తాతను పైనుంచి కిందికి చూసి, ఏ షిఫ్టు కాకా అని అడిగింది.

"ఫస్టు షిఫ్టే బిడ్డా."

"గిప్పుడా? లేటైంది, హాజరు పుస్తకంల నీకు మస్టర్ పడది పో."

"షిఫ్టు సర్దారుకు నేన్జెప్పుకుంట. నువ్వు ఫికర్ జెయ్యకు."

అక్క నవ్వలేదు. లోపలికి పోయి భర్త డ్యూటీకి తీసుకెళ్లే టిఫిన్ డబ్బా తెచ్చి, డ్యూటీకి ఉత్తచేతులతో పోతారా అంటూ నా చేతికిచ్చింది. అందులో వెచ్చటి జావ ఉంది. తాత టార్పాలిన్ కింద మంచం మీద కూర్చుని రెండు చెంచాలు తాగాడు. అక్క ఆ రోజు ప్రార్థనకు పోలేదు.

తాత మర్నాడు అక్కడే పోయాడు. అందరికంటే ముందు దండ తెచ్చింది ఇంటి ఓనరే. తాత కాళ్లకు మొక్కాడు. ఆ వారమే పెళ్లి ఆ వాకిట్లో బాగా జరిగింది.

ఎవరు పలకరించినా బాపు ఒకటే మాట చెప్పేవాడు. ఆఖర్ల మా బాపుకు సోయి లేకుండె, బయట పండుకున్న సంగతి ఆయనకు తెల్వదు, గదొక్కటే నయం అని. ఇప్పటికీ అంటాడు. నేను ఇప్పటికీ ఊరుకుంటాను. కానీ ఆనాటినుంచి మంచం పట్టిన మనిషి దగ్గర అబద్ధం చెప్పబోతే నాకు నోరు రాదు. ఆ మనిషికి తెలుసనే అనిపిస్తుంది. మనకోసమే తెలియనట్టు పడుకున్నాడనిపిస్తుంది.

బాపు ఇప్పుడు నా దగ్గరే ఉంటాడు. ఆయనకూ ఆయాసం మొదలైంది. ఈమధ్య ఇల్లు మారినప్పుడు కొత్త ఓనరు తాళంచెవి చేతిలో పెట్టుకుని, పెద్దాయన ఆరోగ్యం ఎట్లుంటుందని అడిగాడు. నేను జవాబు వెతుక్కునేలోపే బాపు నడుం నిటారుగా చేసి, "నాకేంది సార్, గట్టిగున్న," అని మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. ఒక్కచోట కూడా ఆగలేదు.

ఓనరు తాళంచెవి ఇచ్చాడు. మేమిప్పుడు ఆ ఇంట్లోనే అద్దెకుంటున్నాం.