గంట కొట్టే బొత్తాం

మా వదిన పోయింది. జ్వరమని ఆస్పత్రికి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. మేముండే ఖిదిర్‌పూర్ డాక్ క్వార్టర్స్ దాటితే ఆవిడెవరో ఎవరికీ తెలియదు. కానీ కత్తులూ మంత్రాలూ రాక్షసులూ ఉండే ఆటలో పోరాటం అల్లడం ఆవిడకి వచ్చినట్టు ఇంకెవరికీ రాదు.

ఆట మా ఇంటికి తెచ్చింది అన్నయ్య. కాలేజ్ స్ట్రీట్ పాత పుస్తకాల్లో ఆ ఆట నేర్పే అట్టలేని పుస్తకం ఒకటి దొరికింది. ఆడేవాళ్ళంతా వీరులు. ఒకరు మాత్రం శత్రువులందరి తరఫునా ఆడి కథ నడపాలి. ఆ పని వదిన తీసుకుంది. బంద్ వచ్చిందంటే మాకు ఆటే. ఎర్ర గచ్చు మీద సుద్దతో గళ్ళు గీసేది. అట్లకాడ వంతెన, స్టీలు గ్లాసులు బురుజులు. మెటియాబ్రుజ్ దర్జీల దగ్గర్నుంచి బొత్తాలు కుట్టే పని ఇంటికి తెచ్చుకునేది కనక విరిగిన బొత్తాలన్నీ రాక్షసులు.

శత్రువుల్ని వరసగా నిలబెట్టి కొట్టించడం ఆవిడకి నచ్చేది కాదు. బురుజు మీద విలుకాడు, వంతెన మీద డాలువాడు, అందరికీ వెనక గంట దగ్గర ఒకడు. వాడు గంట కొడితే కోటంతా లేచి మీదికొస్తుంది. చేటలో బియ్యం ఏరుతూ గింజల్ని అటూ ఇటూ జరిపి ఇదంతా చూసుకునేది. ఒక్కో బొత్తాం పెడుతూ, "ఈడికేటి కావాలో సెప్పండి. ఊరికే సచ్చిపోడానికెవుడూ రాడు," అనేది. ఇంకో మాట కూడా అనేది. "అందరికీ పనుండాల. పన్లేనోడు ఆటలో ఉన్నా లేనట్టే."

నా వీరుడికి ఆగడం తెలీదు. పరీక్ష తప్పి నేను ఇంట్లో కూర్చున్న రోజులవి. ఆట మొదలవగానే సందు చూసుకుని దూసుకెళ్ళి గంటవాణ్ణి నరికేసేవాణ్ణి. "ఎల్లిపోనావా మరిదీ?" అని వదిన నవ్వేది. మేం దాదా అని పిలిచే ఎదురింటాయన ఆడించే మంత్రగాడు మాత్రం డాలువాడితో తలపడి ఆ వంతెన మీదే చచ్చేవాడు. దాదాకి ఆడటం రాదని వెక్కిరించేవాణ్ణి. నా వీరుడు ఒక్కసారీ చావలేదని ఈ నెరిసిన తలతో ఇప్పటికీ చెప్పుకుంటాను.

పదకొండో రోజు భోజనాల దగ్గర కూడా చెప్పాను. దాదా బెంగాలీ అయినా మా మధ్య పెరిగి తెలుగు నేర్చినవాడు. అన్నం కలుపుతూ ఆగాడు.

"నీకు తెలీదా? ఆటకి ముందు బౌదీ, మీ వదిన, నా దగ్గరికి వచ్చేది. 'మా మరిది ఆగడు దాదా, నువ్వు వంతెన కాయి' అనేది. గంట కొట్టేవాణ్ణి ఎవరి కోసం పెట్టిందనుకున్నావ్? పరిగెత్తేవాడికి ఓ పని ఉండాలి కదా."

మళ్ళీ అన్నం కలుపుతూ అన్నాడు. "'ఎక్కడో ఓ కాడ గెలవాలి కదా ఆడు' అంది."

సిగ్గుతో దాదా మొహం చూడలేకపోయాను. ఆయన చచ్చినప్పుడల్లా నేను మెచ్చుకోళ్ళు అందుకున్నాను. ఆయనకి అన్నేళ్ళూ తెలిసిన సంగతి, గెలిచానని ఎగిరిన నాకొక్కడికే తెలీదు. వదిన నన్ను అంత ప్రేమగా గెలిపించిందని సంతోషపడాలి. సంతోషం ఇంకా రాలేదు, సిగ్గే ముందొచ్చింది.

మొన్న బంద్ నాడు వదిన కూతురు బొత్తాల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "అందరికన్నా బాగా ఆడినోడివి నువ్వే కదా బాబాయ్. అమ్మ సోట కూకో," అంది.

కూర్చున్నాను. అన్నేళ్ళూ నా కత్తిని చూసుకున్నానే గానీ ఆవిడ చేతిని చూడలేదు. ఏం పెట్టాలో తోచక బొత్తాలు వరసగా పేర్చాను. ఎవరూ అడక్కుండానే దాదా తన మంత్రగాడి నీలం బొత్తాన్ని అట్లకాడ మీదికి జరిపాడు.

పిల్ల చివరనున్న నల్ల బొత్తాన్ని చూపించింది. "ఈడికేటి కావాలి బాబాయ్?"

నాకు తెలీదు. ఆ బొత్తాం మీద వేలు పెట్టి, వదిన బియ్యపు గింజల్ని జరిపినట్టు అటూ ఇటూ జరిపి చూశాను. వంతెన మీద దాదా మంత్రగాడు ఇంకా కాస్తూనే ఉన్నాడు.