బసవరాజు పెట్టిన వేగం

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఏప్రిల్ నెలలో, కంపెనీ నన్ను సంగారెడ్డి నుంచి జహీరాబాద్ సర్వీస్ సెంటర్‌కు సీనియర్ ఇంజనీర్‌గా పంపింది. మా శాఖలో సీనియర్ అంటే, మిగతావాళ్లు చేతులెత్తేసిన కంప్యూటర్ అతని బల్ల మీదికి వస్తుందని అర్థం.

చేరిన పదో రోజున న్యాల్‌కల్ నుంచి మహాదేవి అనే ఆవిడ ఆటోలో ఒక డెస్క్‌టాప్ తెచ్చింది. ఆమెది పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే స్టూడియో. భర్త బసవరాజు పోయి అయిదు నెలలు. పని తెలుసు కాబట్టి తనే నడుపుతోంది. ముక్కలన్నీ కలిపి ఒకే వీడియోగా తయారుచేయడాన్ని రెండరింగ్ అంటారు. అది మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకల్లా కంప్యూటర్ ఆగిపోయి, మళ్లీ మొదటి నుంచి లేస్తోంది.

"ఆయన ఉన్నప్పుడు ఒక్క దినం గిట్ల కాలే సార్. ఆదివారం పెండ్లి వీడియో ఇయ్యాలె. ఇయ్యకుంటె ఆ ఊరోల్లు మల్ల నా దిక్కు రారు" అంది.

బయోస్ తెరిచాను. కంప్యూటర్ ప్రాథమిక సెట్టింగులన్నీ ఉండే చోటు అది. 3.2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌ను బసవరాజు 3.8 దాకా పెంచి, అందుకు తగ్గట్టు వోల్టేజీ ఎక్కించాడు. దీన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. ఇలాంటి యంత్రం వస్తే సెట్టింగులు తీసేసి, జాబ్ షీట్‌లో 'కస్టమర్ మార్పులు' అని రాసి తిప్పి పంపడం మా నియమం. ఆ పూట ఎందుకో అలా చేయబుద్ధి కాలేదు. అంకెలన్నీ కాగితం మీద రాసుకుని పరీక్ష మొదలుపెట్టాను.

ర్యామ్ బాగుంది. పవర్ సప్లై మార్చి చూశాను, తేడా లేదు. మామూలు వేగంలో రెండు గంటలు రెండరింగ్ ఆగకుండా నడిచింది. 3.8కి పెంచగానే మళ్లీ పడిపోయింది. ప్రాసెసర్ వేడి అదుపులోనే ఉంది. దానికి కరెంటు అందించే చిన్న చిప్పుల దగ్గర మాత్రం థర్మామీటర్ నూటపది డిగ్రీలు దాటింది. చౌక మదర్‌బోర్డు కావడంతో వాటి మీద వేడిని లాగేసే అల్యూమినియం రేకు లేదు. చుట్టూ బోర్డు గోధుమ రంగుకు తిరిగింది.

అయిదు నెలల కిందటి దాకా ఎలా నడిచిందని ఆమెనే అడిగాను.

"పక్క మూత తీసి, టేబుల్ ఫ్యాన్ లోపల్కి తిప్పి పెడ్తుండె. ఆయన వొయ్యినంక దుమ్ము వడ్తుందని నేనే మూత బిగించి, ఫ్యాన్ తీసేసిన." మూతను చేతిలోకి తీసుకుని, "నేనే ఖరాబు జేసిన్నా సార్?" అంది.

కాదన్నాను. నేనన్నది నిజమే, ఫ్యాన్ పెట్టినా ఆ చిప్పులు మరో వేసవిని తట్టుకునేవి కావు. అసలు ఇంత వేగం దేనికి కావలసి వచ్చిందని అడిగాను.

"ముందు దుకాన్‌లనే పొద్దు వోతుండె. నేను కొట్లాడిన. గప్పుడు గిది పెట్టిండు. దీపాలు పెట్టే యాల్లకు ఇంటికి వస్తుండె, ఇద్దరం కల్సి తింటుంటిమి."

ఆమె ముందు రెండు దారులు పెట్టాను: మంచి బోర్డు కొంటే అదే వేగం ఉంచుకోవచ్చు, లేదంటే మామూలు వేగానికి దించాలి, పనికి గంట ఎక్కువ పడుతుంది. ఆమె మూతను పెట్టె దగ్గరికి జరిపింది.

"సాదాగనే పెట్టున్రి సార్. ఇప్పుడు జల్ది ఇంటికి వొయ్యి నేనేం జెయ్యాలె?"

మామూలు వేగానికి దించాను. ఆ తర్వాత బయోస్‌ను అప్‌డేట్ చేయాలి, అది విధానం. చేస్తే బసవరాజు దాచిపెట్టుకున్న ప్రొఫైల్, అంటే ఆ 3.8 సెట్టింగులన్నీ, చెరిగిపోతుంది. చేయలేదు. జాబ్ షీట్‌లో 'కస్టమర్ వద్దన్నారు' అని రాశాను. నిజానికి ఆమెను అడగనే లేదు. ఉద్యోగంలో నేను రాసిన తప్పుడు మాట అదొక్కటే.

శనివారం ఆమె ఫోన్ చేసి, వీడియో ఇచ్చేశానని చెప్పింది.

ఇప్పుడు నా బల్ల మీదికి ఏ యంత్రమూ రాదు. వేడెక్కిన బోర్డు వాసన, మూత విప్పగానే ముఖానికి తగిలే గాలి ఇంకా కావాలనిపిస్తాయి. ఆ కేసు తర్వాత పనిచేసిన రెండేళ్లూ, ఎవరైనా మార్చిన సెట్టింగు కనిపిస్తే, తీసేసే ముందు ఎందుకు మార్చారని అడిగేవాణ్ని. బోర్డు ఎంత వేడి మోయగలదో పరికరం చెబుతుంది. ఆ వేగం ఎవరికోసమో మాత్రం మనిషినే అడగాలి.