మత్తులో పడ్డ అత్తిపత్తి

నా చిన్నప్పుడు టాన్సిల్స్ ఆపరేషన్ తప్పించుకోవడానికి నాచారం నుంచి ఒక్క పరుగున మౌలాలి గుట్టెక్కి, రెండు రోజులు అక్కడే దాక్కున్నానని మా మనవలకు చెబుతుంటాను. గుట్ట అబద్ధం. మా ఇంట్లోనే నులకమంచం కింద దూరాను, ఆకలేసి కాసేపటికే బయటికొచ్చాను. భయం మాత్రం నిజం. మా నాన్నతో ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన, మత్తుమందు ఇస్తే కొందరు మళ్లీ లేవరని నా ముందే అన్నాడు. మర్నాడే నన్ను దవాఖానాకు తీసుకుపోవాలి.

మా అమ్మ ముందు బతిమాలింది, తర్వాత చీపురు తీసింది. రెండూ పనిచేయక పక్కింటి అక్కను పిలిచింది. ఆమెది కోస్తా వైపు, ఉప్పల్‌లో ఒక దవాఖానాలో నర్సు. "జర నువ్వన్న చెప్పు బిడ్డా, పొద్దుగాల సంది ఒక్కటే ఏడుపు," అంది అమ్మ.

అక్క నాకు ధైర్యమేమీ చెప్పలేదు. తన వాకిట్లో కుండీలో ఉన్న అత్తిపత్తిని ముట్టుకోమంది. ఆ మొక్క నా ఎత్తు ఉండేదని రాయబోయాను గానీ, జానెడే. ముట్టుకోగానే ఆకులు ముడుచుకున్నాయి. ప్రతి ఆకు మొదట్లో చిన్న బుడిపె ఉంటుందని, అందులో నీళ్లు బిగువుగా నిండి ఉన్నంతసేపే ఆకు నిలబడుతుందని అక్క చూపించింది. చెయ్యి తగలగానే ఆ బుడిపెలో ఒక పక్కనున్న ఉప్పు బయటికి జారుతుంది. మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే నీళ్లూరినట్టు, ఉప్పు వెంట నీళ్లూ పోతాయి. ఆ పక్క మెత్తబడి ఆకు వాలిపోతుంది. ఆ ఉప్పును పొటాషియం అయాన్లంటారని చాలా ఏళ్లకు మా మనవరాలి పాఠంలో చదివాను. అక్క ఉప్పు అనే అంది.

ఆకులు మళ్లీ విచ్చుకున్నాక నన్ను దూరంగా నిలబెట్టి, కుండీ మీద పెద్ద గాజు సీసా బోర్లించింది. లోపల దవాఖానా నుంచి తెచ్చిన ఈథరులో తడిపిన దూది పెట్టింది. ఆ రోజుల్లో మనుషులకిచ్చే మత్తుమందు అదే. కొంతసేపటికి సీసా తీసి ముట్టుకోమంది. ఆకులు కదల్లేదు. గిల్లినా కదల్లేదు.

"సచ్చిపోయింది గదక్కా."

"మత్తులో ఉందిరా. కాస్త ఆగు."

"నీకెట్ల తెలుసు?"

"చదువుకునేటప్పుడు మా సారు చేసి చూపించారు. నేను చేయడం ఇదే మొదలు."

అన్నానికి అమ్మ ఎన్నిసార్లు కేకేసినా నేను అక్కడి నుంచి లేవలేదు. ముట్టుకోవడం, చూడటం, మళ్లీ ముట్టుకోవడం. అక్క కూడా పని మానుకుని గడప మీద కూర్చుంది. చివరికి కొసనున్న రెండు చిట్టి ఆకులు బద్ధకంగా దగ్గరికొచ్చాయి. ఇంకాసేపటికి రెమ్మంతా ముడుచుకుంది.

"మందు ఆ ఉప్పునెట్ల ఆపుతది?" అనడిగాను.

"అది నాకు తెలీదురా."

"మరి రేపు నేను లేస్తనా?"

"ఒట్టేసి ఎలా చెప్పను? నేను చూసినవాళ్లంతా లేచారు. రేపు నీ మంచం దగ్గరే ఉంటాను."

మర్నాడు ఈల వేసుకుంటూ ఆపరేషన్ గదిలోకి నడిచానని కూడా చెబుతుంటాను. మా నాన్న ఎత్తుకునే తీసుకెళ్లాడు. ఆయన చొక్కా గుండీ ఒకటి నా చేతికి ఊడొచ్చింది. కానీ ఇంటికి పోదామని మాత్రం నేను అనలేదు. కళ్లు తెరిచేసరికి గొంతు మండుతోంది, అక్క మాటిచ్చినట్టే పక్కనే ఉంది.

అందరూ ఏం కాదని చెప్పినప్పుడు నేను నమ్మలేదు. తెలీదని అక్క ఒప్పుకున్నాకే ఆమె చెప్పిన మిగతాదంతా నమ్మాను. నాకు పెంచి చెప్పే జబ్బుందని బోడుప్పల్‌లో మా అపార్ట్‌మెంటంతటికీ తెలుసు, దానికి మందు లేదు. అయినా, భయపడ్డ మనిషి ఎదురుగా కూర్చుని అడిగితే, నాకు తెలిసింది తెలిసినంతే చెబుతాను. తెలియంది తెలియదంటాను. తర్వాత లేచి వెళ్లిపోను.