గాంధారం ఊగిందా, టేపు ఊగిందా

ఐరాలలో నాదస్వరం వాయించే వెంకటమునికి కోపం రావడం అరుదు. పెళ్ళివాళ్ళు మేళగాళ్ళకు ఆఖరి పంక్తిలో చల్లారిన అన్నం పెట్టినా, ఊరేగింపులో డీజే పెట్టెలు వచ్చి ఆయన పాటను మింగేసినా, సర్దుకుపోయే మనిషి. అలాంటివాడు ఆ వేసవిలో అరచేతిలో పట్టే ఒక పాత టేప్ రికార్డర్ మీద పళ్ళు నూరుతూ కూర్చున్నాడు.

గొడవ మొదలైంది మునిచంద్రతో. వాళ్ళిద్దరూ పరంధామయ్యగారి దగ్గర కలిసి నేర్చుకున్నవాళ్ళు. గురువుగారు పోయాక వెంకటముని ఐరాలలోనే ఉండిపోయాడు, వయసులో చిన్నవాడైన మునిచంద్ర చిత్తూరు చేరుకున్నాడు. పక్క ఊళ్ళో గుడి కుంభాభిషేకానికి ఇద్దరినీ జంటగా వాయించమన్నారు. ఎన్నో ఏళ్ళ తరువాత కలిసి కూర్చోవడం. గురువుగారికి పేరు తెచ్చిన ఖరహరప్రియ రాగమే వాయించుదామనుకున్నారు. ఆలాపన చివర ఆయన ఒక పోకడ పోయి గాంధార స్వరం మీద ఆగేవారు. సాధనకు కూర్చున్నప్పుడు సరిగ్గా అక్కడే ఇద్దరి వాద్యాలూ పోట్లాడుకున్నాయి. వెంకటముని గాంధారాన్ని నిటారుగా నిలబెట్టాడు. మునిచంద్ర ఊపాడు.

"అదేందప్పా, ఆడ ఊపుతావు? గురువుగారు నిలబెట్టినాడు గదా!" అన్నాడు వెంకటముని.

"లేదన్నా, ఊపినాడు. నా చెవుల్లో ఇప్పటికీ ఉండాది."

"నా చెవుల్లో లేదా ఏం? టేపు నా దగ్గరే ఉండాది. విని చెప్తా, ఉండు."

అంత ధీమాగా అన్నాడు గానీ, ఆ టేపు విని ఎంత కాలమైందో ఆయనకే గుర్తులేదు. రికార్డింగంటే గిట్టని పరంధామయ్యగారు ఎవరో అభిమాని బతిమాలితే ఒకే ఒక్కసారి ఒప్పుకున్నారు. ఆ క్యాసెట్టునూ, దాన్ని పట్టిన టేప్ రికార్డర్నూ, తన నాదస్వరంతో పాటు వెంకటమునికే ఇచ్చి పోయారు.

బీరువా అడుగునుంచి తీసి కొత్త బ్యాటరీలు వేసి మీట నొక్కితే, గురువుగారి నాదస్వరం జ్వరమొచ్చినవాడి మూలుగులా వచ్చింది. శ్రుతి ఎక్కడికో దిగిపోయింది. అంతకంటే ఘోరం, ప్రతి స్వరమూ ఊగుతోంది. షడ్జం ఊగుతోంది, పంచమం ఊగుతోంది. ఇక గాంధారం ఊగిందని చూపించి ఏం తేల్చేది?

"ఊగేది గురువుగారా, ఈ ముండమోపి మిషనా?" అని దాన్ని మంచం మీదికి విసిరాడు.

"దాన్ని తిడితే బాగవుతుందా మామా?" అంది భార్య నాగులమ్మ. "చిత్తూరికి పోయి చూపించుకోని రా."

పోకముందు తనకు తోచినవన్నీ చేశాడు. కొత్త బ్యాటరీలే నాసివేమోనని మళ్ళీ మార్చాడు. దూదిని స్పిరిట్‌లో తడిపి, టేపు రాసుకుంటూ పోయే తలకాయను తుడిచాడు. దూది గోధుమరంగుకు తిరిగింది, పాట కాస్త తేటపడింది, ఊగడం మాత్రం అలాగే ఉంది.

చిత్తూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే గుణశేఖర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. "ఇవి చూసేవాళ్ళు ఈడ ఎవురుండారు పెద్దాయనా? ఫోన్లోకి ఎక్కించుకోరాదా?"

"ఇది సరిగ్గా ఆడితేనే గదప్పా ఎక్కించేది! ఊగేదాన్ని ఎక్కిస్తే ఊగేదే ఎక్కుతుంది."

గుణశేఖర్‌కు ఆ మాట నచ్చినట్టుంది. వెనక మూత విప్పాడు. మోటారు నుంచి చక్రానికి పోయే సన్నటి రబ్బరు బెల్టు సాగి వదులై, పాకంలా జిగురెక్కి ఉంది. "ఇదిగో, నీ రోగం ఇదే. తిరుపతిలో బెల్టులు దొరికితే దొరకొచ్చు," అన్నాడు.

మరుసటి రోజు తిరుపతి బస్సెక్కాడు. దుకాణం తరువాత దుకాణం తిరిగితే, కొందరు లేవన్నారు, కొందరు అసలు ఏమిటది అన్నారు. చివరికి ఒక సందులోని ముసలాయన రకరకాల బెల్టులు కలిపి ఉన్న పొట్లం ఒకటి చేతిలో పెట్టాడు. ఎండలో ఇల్లు చేరి, పాత బెల్టు బంకను చేతివేళ్ళకు పులుముకుంటూ తుడిచి, కొత్తవి ఒక్కొక్కటే తొడిగి చూశాడు. ఒకటి వదులు, జారిపోయింది. ఒకటి బిగువు, మోటారు మూలిగి ఆగిపోయింది. సరిపోయిన దానితో పాట పరుగెత్తింది. గురువుగారు ఎవరో తరుముతున్నట్టు వాయించారు.

వెంకటమునికి ఏడుపొక్కటే తక్కువ. అయినా ఇక్కడ ఆయనకొక ఆధారం దొరికింది. రికార్డింగులో మోగిన నాదస్వరం తన ఇంట్లోనే ఉంది కదా! దాన్ని తీసి షడ్జం ఊదాడు. మోటారు వెనక చిన్న రంధ్రంలో వేగం తగ్గించే మర ఉందని గుణశేఖర్ చెప్పి ఉన్నాడు. సన్నటి స్క్రూడ్రైవరుతో దాన్ని వెంట్రుకవాసి తిప్పడం, ఊదడం, వినడం, మళ్ళీ తిప్పడం. మధ్యాహ్నమంతా అదే పని. పక్కింటివాళ్ళు ఒకే స్వరం విని విని తలుపులు వేసుకున్నారు. సాయంత్రానికి టేపులోని షడ్జమూ ఇంట్లోని షడ్జమూ ఒకటయ్యాయి.

ఒకటయ్యాయి గానీ, ఇంకా సన్నగా ఊగుతూనే ఉంది.

"ఇంగ నా వల్ల కాదు మే," అని భార్యతో అంటూ చాప మీద వాలిపోయాడు. నాగులమ్మ మజ్జిగ తెచ్చిపెట్టింది.

మర్నాడు మళ్ళీ మూత విప్పాడు. టేపును అదిమి లాగే చిన్న రబ్బరు చక్రం గాజులా నున్నగా మెరుస్తోంది. జారుతోందేమో అనిపించింది. నాదస్వరానికి నోటితో ఊదే పీకను పలచన చేసుకునే ఉప్పుకాగితంతో దాన్ని మెల్లగా గరుకు చేసి బిగించాడు.

ఈసారి పాట వెనక శ్రుతిపెట్టె మోత మీద చెవి పెట్టాడు. మిషను ఊగితే ఆ మోత కూడా ఊగాలి. ఊగలేదు. గీత గీసినట్టు సాగింది. ఆ గీత మీద గురువుగారు చివరి పోకడ పోయి, గాంధారం దగ్గరికి వచ్చి, దాన్ని ఊపారు.

వెనక్కి తిప్పి విన్నాడు. మళ్ళీ విన్నాడు. ఊపారు. కొద్దిగానే, ఆకు మీద నీటిబొట్టు కదిలినంత. అన్నాళ్ళుగా మిషను మీద పోసిన కోపం ఇప్పుడు ఎవరి మీద పోయాలో తెలియలేదు. ఇంతకాలం ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని గుళ్ళలో దాన్ని నిలబెట్టి వాయించి, గురువుగారి బాణీ అని చెప్పుకున్నాడు!

మునిచంద్రకు ఫోన్ చేశాడు. "ఊపినాడప్పా. నువ్వు చెప్పిందే నిజం."

"నేను ఊపినంతనా అన్నా?"

"అంత లేదు. నువ్వు చంటిబిడ్డ ఊయల ఊపినట్టు ఊపుతావు. రా, వచ్చి విను."

మునిచంద్ర మొదటి బస్సుకే వచ్చాడు. ఎదురుగా కూర్చోబెట్టి వెంకటముని మీట నొక్కాడు. ఆలాపన సాగింది, చివరి పోకడ దగ్గరపడింది. గరుకెక్కిన చక్రం టేపును పట్టేసింది. కరకరమంటూ లోపలికి లాగేసుకుంది. మూత తెరిచి జాగ్రత్తగా విడదీసేసరికి టేపు విసనకర్రలా ముడతలు పడి ఉంది. పెన్సిలుతో చుట్టి మళ్ళీ పెట్టారు. గాంధారం వచ్చే చోట గరగర తప్ప ఏమీ లేదు.

వెంకటముని తల పట్టుకున్నాడు. "వినకుండానే పాయె గదప్పా నీకు!"

"నువ్వు విన్నావు గదా. నీది తప్పని నువ్వే చెప్పినాక నాకు టేపెందుకన్నా? ఎంత ఊపినాడో వాయించి చూపించు, చాలు."

చూపించబోతే వేళ్ళు వినలేదు. అన్నేళ్ళు నిటారుగా నిలబడిన వేలు, కదలమంటే మొరాయించింది. కదిలితే ఎక్కువ కదిలింది. కుంభాభిషేకం దాకా ఇద్దరూ దాని మీదే కూర్చున్నారు.

ఆ రోజు జనం బాగా వచ్చారు. చివరి పోకడ దగ్గర మునిచంద్ర తన ఊపు సగానికి తగ్గించాడు. వెంకటముని గాంధారం మాత్రం నిలబడీ నిలబడక, ఊగీ ఊగక వచ్చింది. డోలు వాయించేవాడు తలూపాడు. జనం ఎవరూ గమనించలేదు.

"వచ్చేసింది గదన్నా," అన్నాడు మునిచంద్ర ఆటోలో.

"యాడ వచ్చింది? ఊరికే చెప్పొద్దు," అని వెంకటముని మొహం తిప్పుకున్నాడు.

మర్నాడు తోటలో మామిడికాయలు కోతకు వచ్చాయని నాగులమ్మ పిలిస్తే, "నువ్వు పోతా ఉండు, వస్తా," అని చెప్పి నాదస్వరం తీసుకుని వసారాలో కూర్చున్నాడు. ఆ ఒక్క స్వరమే ఊదాడు. కుదరలేదు. విసుక్కుని, పీక తడిపి, మళ్ళీ ఊదాడు.